జుట్టు పెరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చేయాలి, ఎన్నాళ్లు ఆగాలి

“జుట్టు పెరగడానికి ఏం రాసుకోవాలి?” అని అడిగేవాళ్లలో చాలామందికి జుట్టు పెరుగుతూనే ఉంటుంది. పెరిగింది నిలవదు, అంతే. కొందరికి మొదలంటా ఊడిపోతుంది. కొందరికి మధ్యలో తెగిపోతుంది. ఇంకొందరికి ఏటికేడు వెంట్రుక సన్నబడుతూ పోతుంది. ఈ మూడూ వేర్వేరు సమస్యలు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు.

తల మీద వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ వేగాన్ని రెండింతలు చేసే నూనె గానీ, షాంపూ గానీ, మాత్ర గానీ లేదు. నెలలో జానెడు పెరుగుతుందని చెప్పి అమ్మేవి ఏవైనా సరే, పక్కన పెట్టేయండి. మన చేతిలో ఉన్నవి వేరే: వెంట్రుక త్వరగా రాలిపోకుండా చూడటం, సన్నబడుతున్న కుదుళ్లను కాపాడుకోవడం, పెరిగిన జుట్టు తెగకుండా చూసుకోవడం. వీటిని వరసలో చేస్తే చాలామందికి తేడా కనిపిస్తుంది.

1. రాలిన వెంట్రుకను వెలుతురులో చూడండి

దువ్వెనలో వచ్చిన వెంట్రుకలు ఓ పది తీసి తెల్ల కాగితం మీద పరవండి. ఒక్కోదాని రెండు కొసలూ చూడండి.

ఒక కొసన కనిపించీ కనిపించనంత చిన్న తెల్లటి ఉబ్బు ఉంటే, ఆ వెంట్రుక మొదలు నుంచి ఊడి వచ్చిందని అర్థం. ఆ తెల్లటి ఉబ్బును చూసి “కుదురే ఊడిపోయింది, ఇక అక్కడ మొలవదు” అని భయపడతారు. అది కుదురు కాదు. కుదురు చర్మం లోపలే ఉంటుంది. ఆయుష్షు తీరిన ప్రతి వెంట్రుకకూ చివర అలాగే ఉంటుంది.

ఉబ్బు లేకుండా, పొడవు ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేకుండా ముక్కలుగా ఉంటే అది తెగిన జుట్టు. మీ జుట్టు రాలడం లేదు, విరుగుతోంది. మీరు నేరుగా 5వ మెట్టుకు వెళ్లొచ్చు.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే. మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకు ఆ మూడు రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి. దాన్ని చూసి హడలిపోయి తలస్నానమే తగ్గించేవాళ్లు ఉన్నారు. దానివల్ల రాలేవి ఆగవు, వచ్చేసారికి పోగుపడతాయి.

రాలడం ఎక్కువైందా లేదా అనుమానంగా ఉంటే ఇలా చేయండి. తలస్నానం చేసి ఒక రోజు గడిచాక, యాభై అరవై వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి కొస దాకా మెల్లగా లాగండి. ఒకటి రెండు వస్తే సరే. తల మీద మూడు నాలుగు చోట్ల లాగినా ప్రతిసారీ ఐదారు వస్తున్నాయంటే రాలడం నిజంగానే ఎక్కువగా ఉంది.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి ఎక్కడ పలచబడిందో చూడండి.

- తలంతా ఒకేసారి పలచబడి, గుప్పెళ్లుగా వస్తోంది: శరీరానికి ఏదో పెద్ద దెబ్బ తగిలిన తర్వాత జరిగేది. 2వ మెట్టు చూడండి.
- కణతల దగ్గర, నడినెత్తిన పలచబడుతోంది. ఆడవాళ్లయితే పాపిట వెడల్పవుతోంది: ఎక్కువగా వంశపారంపర్యంగా, హార్మోన్ల వల్ల వచ్చేది. 6, 7 మెట్లు ముఖ్యం.
- నుదుటి అంచున, చెవుల పైన మాత్రమే పోతోంది: జడ, ముడి, పోనీటెయిల్ బిగుతు వల్ల కావచ్చు. 5వ మెట్టు.
- నాణెమంత గుండ్రంగా, నున్నగా ఊడింది: పేనుకొరుకుడు కావచ్చు. పేరులో పేను ఉన్నా దీనికీ పేలకూ సంబంధం లేదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. చర్మ డాక్టర్‌కి చూపించాలి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లండి:

- ఊడిన చోట చర్మం మెరుస్తూ, కుదుళ్ల రంధ్రాలు కూడా కనిపించకుండా ఉండటం
- తల మీద నొప్పి, మంట, చీము, ఎర్రటి పొక్కులు
- పిల్లల తల మీద పొలుసులతో ఊడిన మచ్చలు (ఇది తామర అయితే పైపూతలు ఒక్కటే సరిపోవు, మందు నోటి ద్వారా వాడాలి)
- ఆడవాళ్లలో జుట్టు ఊడటంతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం

మొదటిదాన్ని అసలు వాయిదా వేయకండి. అక్కడ కుదురు మచ్చకట్టి శాశ్వతంగా మూసుకుపోతోందేమో చూడాలి. అలా మూసుకుపోయిన కుదురు మళ్లీ తెరుచుకోదు.

2. మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి

ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. ఆ తర్వాత కొద్ది వారాల్లో పెరుగుదల ఆగి, మూడు నెలల పాటు కుదురులో ఊరికే ఉండి, రాలిపోతుంది. శరీరానికి గట్టి దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా ఈ ఆగిపోయే దశలోకి వెళ్తాయి. రాలడం మాత్రం రెండు మూడు నెలల తర్వాత కనిపిస్తుంది.

అందుకే ఈ వారం మార్చిన షాంపూను అనుమానించడం దండగ. మూడు నెలల కింద ఏం జరిగిందో గుర్తు చేసుకోండి:

- తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, ఎక్కువ రక్తం పోవడం
- కాన్పు
- తిండి బాగా తగ్గించి త్వరగా బరువు తగ్గడం
- ఇంట్లో మరణం, ఉద్యోగం పోవడం లాంటి పెద్ద టెన్షన్
- కొత్త మందు మొదలుపెట్టడం, గర్భనిరోధక మాత్రలు ఆపడం

వీటిలో ఒకటి ఉండి, అది ఇప్పుడు సర్దుకుని ఉంటే, రాలడం మామూలుగా ఆరు నెలల లోపు దానంతట అదే తగ్గుతుంది. బాలింతలకు జుట్టు పూర్తిగా కోలుకోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు. ఈ దశలో వేలు పోసి చికిత్సలు చేయించుకుంటే, ఎలాగూ తిరిగొచ్చే జుట్టుకు డబ్బు కట్టినట్టే.

తిరిగొస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నుదుటి అంచున, పాపిట వెంబడి నిటారుగా లేచి నిలబడే పొట్టి వెంట్రుకలు చూడండి. వాటి కొస మొనదేలి సన్నగా ఉంటే కొత్తగా మొలిచినవి. కొస మొద్దుగా, చిట్లినట్టు ఉంటే పాతవి తెగినవి. చాలామంది కొత్త జుట్టును చూసి “తెగిపోతోంది” అని దిగులుపడతారు. ఒక్క నిమిషం వెలుతురులో చూస్తే ఆ దిగులు తీరుతుంది.

డాక్టర్ రాసిన మందు మీద అనుమానం ఉంటే మీ అంతట మీరు ఆపకండి. రక్తం గడ్డకట్టకుండా వాడేవి, మూర్ఛకు, మానసిక సమస్యలకు, మొటిమలకు వాడే కొన్ని మందులు జుట్టు రాలుస్తాయన్నది నిజమే. కానీ వాటిని హఠాత్తుగా ఆపితే వచ్చే ప్రమాదం జుట్టు కంటే పెద్దది.

3. లోటు ఉందేమో పరీక్ష చేయించి, ఆ తర్వాతే మాత్రలు

రాలడం మూడు నెలలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌ని అడిగి ఈ పరీక్షలు చేయించుకోండి:

- హిమోగ్లోబిన్, ఫెరిటిన్
- థైరాయిడ్
- విటమిన్ డి
- మాంసాహారం అసలు తీసుకోనివాళ్లు బి12 కూడా

హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ తక్కువగా ఉండటం, ముఖ్యంగా నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో, తరచూ చూసేదే. ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో ఫెరిటిన్ చెబుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పూర్తిగా కోలుకున్నాకే పరీక్షకు వెళ్లండి.

ఐరన్ లోటు తేలితే మాత్రను టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. లోటు లేనివాళ్లు ఐరన్ మింగడం మంచిది కాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ మాత్రలు వాళ్లకు అందకుండా పెట్టండి. పిల్లలకు అవి ప్రాణాంతకం.

బయోటిన్ గురించి గట్టిగానే చెప్పాలి. జుట్టు పేరుతో అమ్మే మాత్రల్లో సగానికి సగం దాని మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి బయోటిన్ లోటు చాలా అరుదు. లోటు లేనివాళ్లకు దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చు. వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు తప్పకుండా చెప్పండి. విటమిన్ ఎ, సెలీనియం మోతాదు మించితే జుట్టు పెరగకపోగా ఇంకా రాలుతుంది. రెండు మూడు రకాల మాత్రలు కలిపి వేసుకునేవాళ్లు సీసాల మీది లెక్క ఓసారి కూడి చూసుకోవాలి.

తిండిలో ముందు చూడాల్సింది ప్రొటీన్. వెంట్రుక అంతా కెరటిన్ అనే ప్రొటీనే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు కనీసం 0.8 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. బరువు తగ్గాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు తగ్గించుకునేది ఇదే, జుట్టు రాలాక గుర్తొచ్చేదీ ఇదే.

4. మాడును శుభ్రంగా ఉంచండి

చుండ్రు ఉన్న తలకు ఎన్ని రాసినా ఫలితం అంతంతమాత్రమే. దురదకు గోకడం వల్ల కూడా వెంట్రుకలు దెబ్బతింటాయి.

కీటోకొనజోల్ ఉన్న షాంపూ తెచ్చుకుని వారానికి రెండుసార్లు, నాలుగు వారాల పాటు వాడండి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటే: రాసిన వెంటనే కడిగేస్తారు. నురగ మాడుకు తగిలేలా వేళ్ల కొసలతో పట్టించి, మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే ఉంచి కడగాలి. మందు పని చేయాల్సింది చర్మం మీద, జుట్టు మీద కాదు. చుండ్రు ఉన్నన్నాళ్లూ మాడుకు నూనె పెట్టి రాత్రంతా ఉంచకండి, ఎక్కువవుతుంది.

మామూలు షాంపూ కూడా మాడుకే రుద్దండి. కడిగేటప్పుడు జారే నురగ చాలు జుట్టు పొడవుకు. కండిషనర్ దీనికి తలకిందులు: సగం నుంచి కొసల దాకా రాయాలి, మాడుకు అక్కర్లేదు.

5. పెరిగినదాన్ని తెగనివ్వకండి

పొడుగు జుట్టు కావాలనుకునేవాళ్లకు నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. పెద్దగా ఖర్చు కూడా లేదు. భుజాలు దాటిన జుట్టు కొసల వయసు రెండు మూడేళ్లు ఉంటుంది. అన్నేళ్ల ఎండ, దువ్వెన, వేడి దాని మీదే పడ్డాయి. కుదురు దగ్గర నెలకు సెంటీమీటరు పెరుగుతున్నా కొసన అంతే తెగుతుంటే, జుట్టు ఏడాది పొడవునా ఒకే చోట ఆగినట్టు కనిపిస్తుంది.

తడి జుట్టు సాగుతుంది, త్వరగా తెగుతుంది. తలస్నానం అయ్యాక ఈ వరస పాటించండి:

- తువ్వాలుతో రుద్దకండి. గుడ్డలో పట్టి నీళ్లు పిండినట్టు మెల్లగా అద్దండి.
- తడి సగం ఆరేదాకా దువ్వెన పెట్టకండి. బాగా ఉంగరాల జుట్టు వాళ్లు మాత్రం కండిషనర్ ఉండగానే చిక్కు తీసుకోవడం మేలు.
- వెడల్పు పళ్ల దువ్వెనతో ముందు కొసల దగ్గర నాలుగు వేళ్ల మేర చిక్కు తీయండి. అది వదిలాక ఇంకాస్త పైకి, ఆ తర్వాత ఇంకాస్త పైకి. మాడు నుంచి కిందికి ఒక్కసారిగా లాగితే చిక్కులన్నీ కొసన ముడిపడి తెగుతాయి.
- గట్టి చిక్కు వస్తే దానికి పైన జుట్టును ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, కింద వేళ్లతో విడదీయండి. అప్పుడు లాగుడు కుదురు దాకా వెళ్లదు.
- డ్రయ్యర్ తప్పదనుకుంటే తక్కువ వేడిలో, దూరంగా పెట్టి, కదుపుతూ వాడండి. తడి జుట్టు మీద స్ట్రెయిటనర్ ఎప్పుడూ వద్దు.

ఇక బిగుతు. జడ వేశాక కనుబొమ్మలు పైకి లాగినట్టు ఉన్నా, రాత్రి విప్పాక మాడు నొప్పిగా అనిపించినా అది బిగుతే. రోజూ ఒకే చోట లాగితే నుదుటి అంచు వెనక్కి జరుగుతుంది. మొదట్లో మానేస్తే తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాదు. పాపిట మారుస్తూ ఉండండి. పడుకునేటప్పుడు వదులుగా అల్లుకోండి.

నూనె మాటకొస్తే, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. జుట్టు తెగడం తగ్గాలంటే స్నానానికి ముందు పొడవుకు రాసుకోవడం మంచి పద్ధతే. కొత్త కుదుళ్లను మొలిపించే శక్తి మాత్రం ఏ నూనెకూ లేదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే. మొనదేలిన కొస పోయి మొద్దు కొస మిగలడం వల్ల తాకితే గరుగ్గా, ఒత్తుగా అనిపిస్తుంది. కుదుళ్ల సంఖ్య మారదు.

చిట్లిన కొసను అతికించే మందు లేదు, కత్తిరించాల్సిందే. రెండు మూడు నెలలకోసారి అర అంగుళం తీస్తే చిట్లడం పైకి పాకదు.

6. మినాక్సిడిల్ మొదలుపెడితే ఇలా

వంశపారంపర్యంగా పలచబడుతున్న జుట్టుకు పైన రాసే మందుల్లో బాగా పరీక్షకు నిలిచింది ఇదే. మొదట రక్తపోటుకు మాత్రగా వచ్చింది. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు వాడటం మొదలుపెట్టారు. అమెరికాలో తలకు రాసే మందుగా 1988లో అనుమతి వచ్చింది.

వాడకూడనివాళ్లు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువాళ్లు, మాడు మీద పుండ్లు ఉన్నవాళ్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

రాసే పద్ధతి:

- ముందు ఇప్పటి పరిస్థితికి ఫొటోలు తీసుకోండి: ఎదురుగా, రెండు కణతలు, నడినెత్తి, పాపిట. ఒకే గది, ఒకే దీపం, జుట్టు పొడిగా. నెలకోసారి అలాగే తీయండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా పట్టుకోలేరు.
- మగవాళ్లకు సాధారణంగా 5 శాతం ద్రావణం, ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు. ఆడవాళ్లకు 2 శాతం ద్రావణం రెండుసార్లు, లేదా 5 శాతం ఫోమ్ ఒకసారి.
- మాడు పొడిగా ఉండాలి, నూనె ఉండకూడదు. జుట్టును పాయలుగా విడదీసి చర్మం కనిపించేలా పెట్టుకుని, చుక్కలుగా చర్మం మీద వేయండి. జుట్టుకు పట్టిస్తే మందు వృథా.
- వేలితో పరిచి, వెంటనే చేతులు కడుక్కోండి. నాలుగు గంటలు తల తడపకండి.
- రాత్రి మోతాదు పడుకోవడానికి రెండు గంటల ముందే రాయండి. దిండుకు అంటి ముఖానికి తగిలితే అక్కడ వెంట్రుకలు రావచ్చు.
- ఒక పూట మర్చిపోతే వదిలేయండి. రెండింతలు రాయడం వల్ల రెండింతలు పెరగదు.
- ఇంట్లో పిల్లి ఉంటే సీసా, తడి తల, దిండు గలీబు దానికి అందకూడదు. పిల్లులకు ఈ మందు విషం.

రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. చాలామంది మందు మానేసేది సరిగ్గా ఇక్కడే. పాత వెంట్రుకలను తోసుకుని కొత్తవి పెరిగే దశలోకి వస్తున్నాయి కాబట్టి అలా జరుగుతుంది. ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు. నాలుగు నెలలకు ముందు ఫలితం గురించి ఏమీ తేల్చకండి. ఫొటోలను ఆరో నెలలో, పన్నెండో నెలలో పక్కపక్కన పెట్టి చూడండి.

మొదలుపెట్టే ముందే ఒక మాట తేల్చుకోవాలి. ఈ మందు ఆపితే, దానివల్ల వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో పోతుంది. ఏళ్ల తరబడి రాయగలనా అని ఆలోచించుకుని దిగండి.

దురద, పొలుసులు వస్తే చాలాసార్లు కారణం ద్రావణంలో ఉండే ప్రొపిలిన్ గ్లైకాల్. అది లేని ఫోమ్‌కి మారితే తగ్గొచ్చు. గుండె దడ, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు, తల తిరగడం వస్తే వెంటనే ఆపి డాక్టర్‌ని కలవండి.

7. డాక్టర్ చేతిలో ఉండే చికిత్సలు

ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర మగవాళ్లకు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ నుంచి డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్ తయారవడాన్ని తగ్గిస్తుంది. వంశపారంపర్య బట్టతలలో కుదుళ్లను సన్నబరిచేది ఆ డీహెచ్‌టీనే. కొందరిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, మనసు కుంగడం రావచ్చు కాబట్టి చీటీ లేకుండా కొని వాడకండి. ప్రొస్టేట్‌కి చేసే పీఎస్‌ఏ పరీక్షలో అంకెను ఇది సుమారు సగానికి తగ్గిస్తుంది, ఆ సంగతి పరీక్ష చేసేవాళ్లకు చెప్పాలి. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు.

పేనుకొరుకుడుకు మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. తీవ్రంగా ఉన్నవాళ్లకు బారిసిటినిబ్ లాంటి మాత్రలు ఇటీవలి సంవత్సరాల్లో వచ్చాయి. ఇవి డాక్టర్ పర్యవేక్షణలోనే.

జుట్టు మార్పిడి చేయించుకుంటే, నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి. పూర్తి ఫలితానికి ఏడాది. నాటని చోట ఉన్న పాత జుట్టు పలచబడటం మాత్రం సాగుతూనే ఉంటుంది, కాబట్టి మందులు ఆపొచ్చని చెప్పేవాళ్లను నమ్మకండి.

8. ఫలితం రాకపోతే ఎక్కడ తప్పుతోందో చూసుకోండి

- నెలకో కొత్తది మారుస్తున్నారు: ఒకటి పట్టుకుని కనీసం నాలుగు నెలలు వాడండి. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు.
- మాడుకు ఉల్లి, నిమ్మ, వెల్లుల్లి రసాలు రాస్తున్నారు: మంట పుడితే అది పనిచేస్తున్న గుర్తు కాదు, చర్మం కాలుతున్న గుర్తు. కడిగేసి ఆపేయండి.
- గట్టిగా మర్దన చేస్తున్నారు: గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో చర్మం కదిలేంత చాలు. జుట్టు రుద్దుకుపోతే తెగుతుంది.
- మందు సరిగ్గానే రాస్తున్నారు, ఏడాదైనా తేడా లేదు: అసలు కారణం వేరే కావచ్చు. మాడును పరికరంతో దగ్గరగా చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేసే చర్మ డాక్టర్‌ని కలవండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి:

- నెలవారీ ఫొటోలు
- ఇప్పటిదాకా చేయించిన రక్తపరీక్షల కాగితాలు
- వాడుతున్న మందులు, మాత్రలు, నూనెలు అన్నిటి పేర్లు, మొదలుపెట్టిన తేదీలు
- గత ఏడాదిలో వచ్చిన జబ్బులు, ఆపరేషన్లు, కాన్పు
- అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ వయసులో జుట్టు పలచబడిందో

వెళ్లే రోజు తలకు నూనె, రంగు, పౌడర్ ఏమీ పెట్టుకోకండి. జడ వదులుగా వేసుకోండి. ముందు రోజు తలస్నానం చేసి ఉంటే మేలు. అదే రోజు చేస్తే రాలేవి అప్పటికే పోయి, లాగి చూసే పరీక్షలో ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తాయి.